మూడో సిలిండర్ కేసు

అబ్దుల్ జబ్బార్ భాయ్ నేరం రుజువు కానిదే కారులో ఒక్క ప్లగ్గు కూడా మార్చడు. మీరు కారు తీసుకెళ్లి, "ప్లగ్గులు పోయాయి భాయ్, కొత్తవి వేసెయ్" అన్నారనుకోండి. ఆయన చేతిలో పానా పక్కన పెట్టి, "పోయినయ్యని ఎవరు చెప్పారు? చూసినవాళ్లెవరు?" అని అడుగుతాడు. అక్కడితో మీ పని అయిపోయినట్టే. ఇక ఆ పూటకి మీరు కారు యజమాని కారు. సాక్షి.

మా నరసరావుపేటలో కార్లు బాగుచేసే షెడ్లు చాలా ఉన్నాయి. కారు లోపలికి వెళ్తుంది, సాయంత్రానికి నాలుగు కొత్త పార్టులు పెట్టుకుని బయటికి వస్తుంది. వాటిలో ఏది పాడైందో కారుకీ తెలియదు, యజమానికీ తెలియదు, మార్చినవాడికి అంతకన్నా తెలియదు. జబ్బార్ భాయ్ షెడ్డు కోర్టు వెనక సందులో ఉంది. ఇరవై ఏడేళ్లుగా వకీళ్ల కార్లు, గుమాస్తాల బళ్లు చూస్తూ చూస్తూ వాళ్ల మాటలన్నీ ఈయన నోటికి పట్టేశాయి. కారు వస్తే కేసొచ్చిందంటాడు. అనుమానం ఉన్న పార్టు ముద్దాయి. రేపు రమ్మనడానికి వాయిదా. పరీక్షలో పార్టు బాగుందని తేలితే దాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచి, దాని చోట దాన్ని బిగిస్తూ, "నిన్ను వదిలేశారు, పో" అని దానికే చెప్పడం నా చెవులతో నేను విన్నాను.

షెడ్డులో ఒక అల్మారా ఉంది. దాని మీద సుద్దముక్కతో 'నిర్దోషులు' అని రాసి ఉంటుంది. పక్క షెడ్లవాళ్లు పోయాయని పారేసిన ప్లగ్గులు, కాయిళ్లు, వైర్లు ఏరుకొచ్చి, ఒక్కొక్కటీ పరీక్షించి, బాగున్నవాటిని అందులో వరసగా పెడతాడు. పాత ఇనుము కొనేవాడు నెలకోసారి వచ్చి ఆ అల్మారా వైపు ఆశగా చూసి వెళ్లిపోతుంటాడు.

ఒకసారి జ్ఞానయ్య వకీలు గారు హడావుడిగా వచ్చారు. గురజాల కోర్టులో పదకొండింటికి ఆయన కేసుంది. కారేమో కుదుపులు. ప్లగ్గులు మార్చి పంపెయ్యమన్నారు. జబ్బార్ భాయ్ నెమ్మదిగా అడిగాడు. "నిన్న కోర్టులో ఒక మనిషి తరపున రుజువేదీ, రుజువేదీ అని గంటన్నర వాదించారంట గదా వకీలు గారూ. మనిషికో న్యాయం, ప్లగ్గుకో న్యాయమా?" వకీలు గారు గౌను చంకన పెట్టుకుని బస్సెక్కి గురజాల వెళ్లారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి కారు బంగారంలా నడుస్తోంది. ప్లగ్గులు నాలుగూ పాతవే. ఒక వైరు వదులైందంతే. రోడ్డు కుదుపులకి ఊడిందని జబ్బార్ భాయ్ తీర్పు చెప్పాడు. ఈయనే గనక జడ్జీ అయితే జైళ్లన్నీ ఖాళీ అవుతాయనీ, కాకపోతే ఒక్కో కేసు నలభై ఏళ్లు నడుస్తుందనీ వకీలు గారు ఇప్పటికీ చెబుతుంటారు.

ఇంట్లోనూ ఇదే తంతు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన భార్య మహమూదక్క తనే ఒప్పుకున్నా వదలడు. ఉప్పు ఎక్కువైందా, నీళ్లు తక్కువయ్యాయా తేల్చాలంటాడు. కాస్త కూరలో వేడినీళ్లు కలిపి ఒక ముద్ద, కలపకుండా ఒక ముద్ద తిని చూసి, ఈలోగా అన్నం చల్లారిపోయాక తీర్పు చెబుతాడు. చేతి మీద వాలిన దోమని కూడా వెంటనే కొట్టడు. కుట్టింది ఇదో, ఇప్పుడు ఎగిరిపోయిందో తెలియదు కదా అంటాడు. మహమూదక్క మాత్రం ఏ విచారణా లేకుండా రెండింటినీ కొడుతుంది.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, వాళ్ల పక్కిల్లే మాది. నా పేరు హెప్సిబా. బొల్లాపల్లి మండలంలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లలు లెక్క తప్పు చేస్తే ఎక్కడ తప్పిందో చూడకుండా ఆన్సర్ చూసి సున్నా చుట్టే రకాన్ని. నా కోపం నాకంటే ముందు నడుస్తుందని మా ఆయన విజయ్ కుమార్ అంటాడు. ఆ మాట అన్నప్పుడు కొంచెం దూరంలో నిలబడి అంటాడు.

మాకొక పాత కారుంది. నేనూ, ఇంకో ఇద్దరు టీచర్లూ అందులో స్కూలుకి వెళ్తాం. నడిపేది నౌషాద్. మూడేళ్లుగా నడుపుతున్నాడు. నలభై దాటిన మనిషి. అడిగితేనే మాట్లాడతాడు, అదీ సగమే. మొన్న జనవరిలో ఒక ఆదివారం మా ఆయన తరపు చుట్టాలు వస్తే వాళ్లని ఎత్తిపోతల జలపాతం చూపించడానికి తీసుకెళ్లాడు. సోమవారం పొద్దున కారు పేచీ మొదలుపెట్టింది.

బండి ఆగి ఉన్నప్పుడు చలిజ్వరం వచ్చినట్టు ఒకటే వణుకు. మీటర్ల దగ్గర పసుపు లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. ఎక్కుడు రోడ్డు వస్తే చాలు, గేరు ఎంత తగ్గించినా లాగదు. వినుకొండ దాటాక ఒక ఎక్కుడులో మిరపకాయల బస్తాలు నెత్తిదాకా వేసుకున్న ఆటో ఒకటి హారన్ కొట్టి మరీ మమ్మల్ని దాటిపోయింది. కారుకన్నా నాకు ఎక్కువ అవమానమైంది.

నౌషాద్‌ని నిలదీశాను. ఎత్తిపోతల దగ్గర నీళ్లలో దింపావా అన్నాను. లేదమ్మా అన్నాడు. అయితే మాచర్ల రోడ్డులో ఎక్కడో చౌక పెట్రోలు పోయించి ఉంటావన్నాను. లేదమ్మా, మన బంకులోనే అన్నాడు. మరి కారు దానంతటదే చెడిపోయిందా అని అడిగితే తల దించుకున్నాడు. తల దించుకున్నాడంటే తప్పు చేసినట్టే అని నా లెక్క. ఈ వారం అయ్యాక నువ్వు రానక్కర్లేదని ఇద్దరు టీచర్లు వింటుండగా చెప్పేశాను. బండి పాడుచేశాడన్న పేరొస్తే మా ఊళ్లో డ్రైవర్‌కి ఇంకో స్టీరింగ్ దొరకదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ అన్నాను.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి, కారుని జబ్బార్ భాయ్ షెడ్డుకి తెచ్చాం. తెచ్చాం అంటే నౌషాద్ తెచ్చాడు, నేను వెనక కూర్చుని కోపంగా ఉన్నాను. దిగగానే కేసంతా చెప్పి, ముద్దాయిని కూడా చూపించాను. నౌషాద్ గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆగు టీచరమ్మా," అన్నాడు జబ్బార్ భాయ్. "ముందు దగ్గేది ఎవరో తేలాల. దగ్గించింది ఎవరో ఆ తర్వాత."

ఇంజన్ ఆన్‌లో పెట్టి బానెట్ ఎత్తాడు. మా ఇంజన్‌కి నాలుగు సిలిండర్లు. ఒక్కోదాని మీద ఒక్కో కాయిల్ ఉంటుంది, అది కింద ప్లగ్గుకి కరెంటు ఇస్తుంది. ఒక్కో కాయిల్ వైరు పీకుతాను, చెవి పెట్టి వినమన్నాడు. మొదటిది పీకగానే ఇంజన్ ఇంకా ఘోరంగా కొట్టుకుంది. వీడు పనిచేసేవాడు, వీడు లేకపోతే ఇల్లు నడవదన్నాడు. రెండోదీ, నాలుగోదీ అంతే. మూడోది పీకితే ఇంజన్‌లో ఏ తేడా లేదు. పీకక ముందు ఎంత వణుకో పీకాకా అంతే.

"చూశావా? లేకపోయినా తేడా తెలియనోడు ఎవడో, వాడే పని ఎగ్గొడతన్నాడు."

ఈ పరీక్ష మా స్టాఫ్‌రూములో పెడితే ఎంత బాగుంటుందా అనిపించింది. కానీ నా పట్టు నేను వదల్లేదు. చౌక పెట్రోలు వల్లే మూడోది చెడిపోయి ఉంటుందన్నాను.

"నలుగురూ ఒకే ట్యాంకులోది తాగుతున్నారు గదా. పెట్రోలు తప్పయితే నలుగురూ దగ్గాల. ముగ్గురు బానే ఉన్నారు. పెట్రోలు మీద కేసు కొట్టేశాం."

అయితే నీళ్ల సంగతి చూడమన్నాను. నీళ్లకి రేపు వాయిదా అన్నాడు. వాయిదా ఎందుకని అడిగితే, ఇంజన్ వేడిగా ఉందన్నాడు. ఆ మాట అన్నప్పుడు నా వైపు ఎందుకు చూశాడో నాకప్పుడు తెలియలేదు.

రెండో రోజూ సెలవు పెట్టాను. హెడ్మాస్టరు కారణం అడిగితే సాక్ష్యం ఉందన్నాను. ఆయన భయపడి ఇంకేమీ అడగలేదు. ఈలోగా, ముందురోజు సాయంత్రం నౌషాద్ కారు ఇంటికి తెచ్చాక, మా ఆయన ఇంకో షెడ్డువాణ్ణి పిలిపించి స్కానర్ పెట్టించాడు. మూడో సిలిండర్ మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోలు సరిగా మండట్లేదని స్క్రీన్ మీద పడింది. కాయిల్, ప్లగ్గు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ మూడూ మార్చేస్తే సాయంత్రానికి బండి ఇస్తానన్నాడు వాడు. ఆ మాట గర్వంగా తీసుకెళ్లి జబ్బార్ భాయ్‌కి చెప్పాను.

"అది ఎఫ్.ఐ.ఆర్. టీచరమ్మా," అన్నాడు. "ఎఫ్.ఐ.ఆర్. చూసి ఎవడన్నా ఉరి తీస్తాడా?"

పానా నా చేతికిచ్చాడు. ఆ షెడ్డులో కేసు తెచ్చినవాళ్లే పని కూడా చెయ్యాలి. ఆయన చేస్తే ఏదో మాయ చేశాడంటారట. కొంగు దోపుకుని, మూడో కాయిల్ విప్పి రెండోదాని చోట, రెండోది మూడోదాని చోట బిగించాను. ఇంజన్ స్టార్ట్ చేసి మళ్లీ వైర్లు పీకి చూశాం. ఇప్పుడు మూడోది శుభ్రంగా పనిచేస్తోంది. రెండోది పని మానేసింది. ప్లగ్గూ, ఇంజెక్టరూ ఎక్కడివక్కడే ఉన్నాయి కాబట్టి వాటికీ దీనికీ సంబంధం లేదని తేలింది. స్కానరువాడి లెక్కన ఆ రెండూ ఈపాటికి చెత్తబుట్టలో ఉండేవి. దొంగ కాయిలేనని నేను ప్రకటించాను. జబ్బార్ భాయ్ అడ్డంగా తలూపాడు. కాయిల్‌లో రెండు ముక్కలుంటాయట. పైన కరెంటు పుట్టించే డబ్బా, కింద ప్లగ్గుకి తొడిగే రబ్బరు బూటు. ఒకే ఇంట్లో ఉన్నారని అన్నదమ్ములిద్దర్నీ లోపలేస్తామా అన్నాడు. సరేనని బూట్లు మాత్రం అటూ ఇటూ మార్చాను. తప్పు బూటుతో పాటు వెళ్లింది.

నిజం చెబుతున్నాను, పదో తరగతిలో నూటికి నూరు వచ్చినప్పుడు కూడా నాకంత గర్వం కలగలేదు. చేతులకి నల్లటి జిడ్డు, చీరకి మరకలు, ముఖానికి చెమట. మూడు అంగుళాల రబ్బరు ముక్కని నేనే పట్టుకున్నాను. ఇన్నేళ్లూ పిల్లల లెక్కల్లో మధ్య వరసలు చదవకుండా ఏం పోగొట్టుకున్నానో కూడా కొంచెం అర్థమైంది.

బూటు చూస్తే మెత్తబడి, ఉబ్బిపోయి ఉంది. ప్లగ్గు కూర్చునే గుంటలో తుప్పు మరక లేదు కాబట్టి నీళ్లు దిగలేదన్నాడు జబ్బార్ భాయ్. నీళ్ల కేసూ పోయింది. గోడ పక్కన నౌషాద్ ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు. అప్పుడైనా అతనితో ఒక మాట అనాల్సింది. అనలేదు. ఎందుకంటే గుంటలో నూనె కనిపించింది. నూనె తాగిన రబ్బరు ఉబ్బుతుందట, కరెంటు ప్లగ్గుకి అందకుండా పక్కకి జారిపోతుందట. అయితే ఇంజన్ ఆయిల్ కారుతోంది, ఇతను చూసుకోలేదన్నమాట అన్నాను. నూనెకి రేపు వాయిదా అని ఆయన గుంటని గుడ్డతో పొడిగా తుడిచి, 'నిర్దోషులు' అల్మారాలోంచి ఒక బూటు తీసి తొడిగి, వినుకొండ దాకా వెళ్లి రమ్మని నౌషాద్‌ని పంపాడు.

మూడో రోజు షెడ్డులో జ్ఞానయ్య వకీలు గారు తన కారు కోసం కూర్చుని ఉన్నారు. జబ్బార్ భాయ్ కాయిల్ విప్పించి గుంట చూపించాడు. పొడిగా ఉంది. ఇంజన్ ఆయిలైతే కింద నుంచి మళ్లీ ఊరాలన్నాడు. తర్వాత ఇంజన్ ఆయిల్ చూసే పుల్ల బయటికి తీశాడు. దానికున్నది నల్లటి ఆయిల్. పక్కనే నిన్న గుంట తుడిచిన గుడ్డ పెట్టాడు. దానికున్నది పసుపు. ఆ గుడ్డని నా చేతికిచ్చి, పక్కకి తిరిగి స్క్రూలు సర్దుకోసాగాడు.

నేను వాసన చూశాను.

అది ప్రార్థన నూనె. కొత్త సంవత్సరం రోజు పొద్దున చర్చి నుంచి వచ్చాక కారుకి ప్రార్థన చేశాను. అందరూ స్టీరింగ్ మీద ఒక చుక్క రాసి ఊరుకుంటారు. నడిపేది ఇంజన్ అయితే స్టీరింగ్‌కి ప్రార్థనేంటని నేను బానెట్ తీయించాను. ఇంజన్ మీద ఉండాల్సిన ప్లాస్టిక్ మూత ఎప్పుడో విరిగిపోయింది. ఒక చుక్కతో సరిపెట్టడం నాకు చేతకాదు. కళ్లు మూసుకుని సువాసన నూనె సీసా మొత్తం వంపేశాను. మూడో కాయిల్ పక్క నుంచి దిగి, మూడు వారాలు లోపలే కూర్చుని రబ్బరుని తినేసింది. ఇక ఆ రోజు బానెట్ ఎత్తి పట్టుకుంది ఎవరంటే, నౌషాద్.

నేను తలెత్తేలోపే జబ్బార్ భాయ్ షెడ్డులో అందరికీ వినబడేలా తీర్పు చెప్పేశాడు. ముద్దాయి రబ్బరు బూటు, దాని పైన గుంటని మూసే సీలు గట్టిపడింది, డ్రైవరు తప్పు ఏమీ లేదు. వకీలు గారికి వృత్తి అలవాటు ఊరుకోనివ్వలేదు. మరి ఆ నూనె ఎక్కడిదని అడిగారు.

"నూనె మీద ఎవరూ ఫిర్యాదు ఇయ్యలేదు గదా వకీలు గారూ," అన్నాడు జబ్బార్ భాయ్.

నేను ఇంటికి పారిపోయాను. పెరట్లో బట్టలు ఆరేస్తున్న మహమూదక్క నా ముఖం చూసి గోడ దగ్గరికి వచ్చింది. ఉన్నదంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. మొదటి రోజు నేను వెళ్లిపోయాక నౌషాద్ జబ్బార్ భాయ్‌కి నూనె సంగతి చెప్పేశాడట. అమ్మ ప్రార్థన చేసి పోసింది, దాన్ని తప్పని నా నోటితో ఎట్టా అనేది, నువ్వే ఏదో ఒకటి చెయ్ భాయ్ అన్నాడట.

"మరి మూడు రోజులు నన్నెందుకు తిప్పాడక్కా?" అన్నాను.

"ఇంజను చల్లారను ఒక గంట చాలంట. మనిషి చల్లారను మూడు రోజులన్నా పట్టుద్దంట," అంది మహమూదక్క. "మొదటి రోజే చెప్పుంటే నువ్వు ఇనేదానివా?"

వినేదాన్ని కాదు. నౌషాద్‌తో పాటు జబ్బార్ భాయ్‌ని కూడా మాన్పించేదాన్ని. వకీలు గారి వైరు సంగతి కూడా ఆమె అప్పుడే చెప్పింది. ఆ వైరు రోడ్డు కుదుపులకి ఊడలేదు. హారన్ తనే బాగుచేసుకుందామని వకీలు గారే పీకారు. ఇరవై ఏడేళ్లలో ఆ షెడ్డులో ఎన్ని కేసులు తేలాయో లెక్కలేదు. అన్నిట్లోనూ తప్పు రబ్బరుది, వైరుది, స్క్రూది. ఒక్క కేసులోనూ మనిషి ముద్దాయి కాలేదు. అలాంటివాడి పక్కింట్లో పదకొండేళ్లుగా ఉంటున్నానని నాకు చెప్పలేనంత గర్వం కలిగింది. ఆ వెనకే సిగ్గూ వచ్చింది.

చెప్పులు తొడుక్కుని మళ్లీ షెడ్డుకి వెళ్లాను. వకీలు గారు ఇంకా ఉన్నారు. ఆయన కేసు ఆ రోజు కూడా తేలలేదు. నౌషాద్ మా కారు అద్దం తుడుస్తున్నాడు.

"అందరూ వినండి," అన్నాను. "ఆ నూనె పోసింది నేను. నౌషాద్‌ని అన్న మాటలన్నీ తప్పు. రేపు కారులో టీచర్ల ముందు కూడా ఇదే చెప్తాను. నౌషాద్, నన్ను క్షమించు."

జబ్బార్ భాయ్ నా వైపు అనుమానంగా చూశాడు. "నువ్వే పోశావని రుజువేంది?"

నేనే చెబుతున్నాను కదా అన్నాను. ఒప్పుకుంటే చాలదన్నాడు. సీసా ఏదని అడిగాడు. సీసా ఎప్పుడో పారేశాను. అయితే చూసినవాళ్లెవరన్నాడు. నౌషాద్‌ని చూపించాను. ఎదురుగా నిలబడి బానెట్ పట్టుకున్నాడు, ఇంతకన్నా సాక్షి ఎవరుంటారన్నాను.

నౌషాద్ అద్దం తుడవడం ఆపలేదు. తల కూడా ఎత్తలేదు.

"ఆ రోజు ఎండ కళ్లల్లో కొట్టిందమ్మా," అన్నాడు. "నాకేం కనపళ్లా."

సాక్షి అడ్డం తిరిగాడని జ్ఞానయ్య గారు తొడ మీద చరుచుకుని నవ్వారు. తన ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో ఇంత అందంగా అడ్డం తిరిగినవాణ్ణి చూడలేదన్నారు. సాక్ష్యం లేదు కాబట్టి నా మీద కేసు కొట్టేశానని జబ్బార్ భాయ్ ప్రకటించాడు. పొద్దున ఎన్నింటికి రమ్మంటారమ్మా అని నౌషాద్ అడిగాడు. ఏడింటికి అన్నాను.

నౌషాద్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. నాలుగు సిలిండర్లూ కలిసి పాడుతున్నాయి. నేను ఎక్కి కూర్చున్నాక జబ్బార్ భాయ్ తలుపు వేస్తూ, వకీలు గారికి వినబడకుండా కిటికీలోకి వంగాడు.

"వచ్చే ఏడు బానెట్ మూసే ప్రార్థన చెయ్ టీచరమ్మా. మూసినా పైవాడికి వినపడుద్ది."

దానికి రుజువేంటని నేను అడగలేదు.